నడుం నిలవాలి

శ్రోతలకు నమస్కారం.

సరదాగా గోల్ఫ్ ఆడేవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా వేధించేది నడుం నొప్పి. నడుం పట్టేయగానే చాలామంది ఏదో ఒక పరికరం కొంటారు. పొట్టకు కట్టుకుంటే దానంతటదే అదిరే బెల్టు, ఎక్కి నిలబడితే ఊగే పలక, ఇలాంటివి. గోల్ఫ్ ఆడేది ఊగే పలక మీద కాదు కదా, గట్టి నేల మీద. కోర్‌కి, అంటే పొట్ట, నడుం చుట్టూ ఉండే కండరాలకి, బలం రావడానికి ఇవేవీ అక్కర్లేదు. చాప పరుచుకునేంత చోటుంటే చాలు.

స్వింగ్‌లో, అంటే బంతిని కొట్టే ఊపులో, క్లబ్ అనే గోల్ఫ్ కర్ర పైనుంచి బంతి దాకా దిగడానికి పట్టేది సెకనులో దాదాపు నాలుగో వంతు. ఆ కాస్తలోనే ముందు తుంటి తిరుగుతుంది, దాని వెంట ఛాతీ, ఆ తర్వాత చేతులు, చివరికి క్లబ్. మరి నడుం? నడుంలో ఉన్న ఐదు పూసలూ కలిసి ఒక పక్కకు తిరగగలిగేది మహా అయితే 10, 15 డిగ్రీలు. తిరగడం తుంటి పని, ఛాతీ పని. కింద పుట్టిన బలాన్ని చెదరకుండా పైకి అందించడం నడుం పని. నడుం తిరగడం కాదు, నడుం నిలవాలి. అందుకే వందల కొద్దీ సిట్-అప్స్ చేయమని నేను ఎవరికీ చెప్పను. అవి నడుమును వంచుతాయే గానీ, నిలబడడం నేర్పవు.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్ను మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ మూడు వ్యాయామాలను ముందుకు తెచ్చారు. వెల్లకిలా పడుకుని నడుం వంచకుండా తల, భుజాలు కాస్త లేపే కర్ల్-అప్, ఒక పక్కకు మోచేతి మీద ఆని నిలిచే సైడ్ ప్లాంక్, బర్డ్ డాగ్. మూడూ మంచివే. నాకు ప్రాణం మాత్రం బర్డ్ డాగ్.

అరచేతులూ మోకాళ్లూ నేలకు ఆనించండి. భుజాల కింద అరచేతులు, తుంటి కింద మోకాళ్లు. చూపు నేల మీద. పొట్టలో ఎవరైనా వేలితో పొడవబోతే ఎలా బిగిస్తామో, అంత బిగించండి, చాలు. ఇప్పుడు కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపండి. కాలు తుంటి కన్నా పైకెత్తొద్దు. మడమతో వెనకున్న గోడను నెడుతున్నట్టు చాపండి. ఎదురెదురు మూలల్లో రెండు ఆసరాలు పోయాయి కాబట్టి నడుం మెలితిరగబోతుంది. తిరగనివ్వకండి. ఆ తిరగనివ్వకపోవడమే వ్యాయామం.

తిరిగిందో లేదో తెలియాలంటే నడుం మీద ఒక పలచటి పుస్తకం పెట్టించుకోండి. నేను మొదటిసారి చేసిన రోజు మూడు లెక్కపెట్టేలోపే పుస్తకం జారి నేల మీద పడింది. నిటారుగానే ఉన్నానని అప్పటిదాకా గట్టిగా నమ్మాను. మన నడుం ఏం చేస్తోందో మనకు కనపడదు, ఆ పుస్తకానికి తెలుస్తుంది.

10 సెకన్లు ఉంచి దించండి. ఒక్కో వైపు ఆరు సార్లు చేసి, కాసేపు ఆగి నాలుగు సార్లు, మళ్లీ ఆగి రెండు సార్లు. అలవాటయ్యాక ఎన్నిసార్లు అన్నది పెంచండి, సెకన్లు మాత్రం పెంచకండి. నొప్పి కాల్లోకి పాకుతున్నా, తిమ్మిరిగా ఉన్నా ఇవన్నీ పక్కనపెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక ఒకే ఒక్క మాట, ఊపిరి గురించి. బిగించగానే చాలామంది ఊపిరి బిగబడతారు. ఊపిరి ఆడుతుండగానే నడుం నిలవాలి. అందుకని ఆ పదీ మనసులో కాదు, పైకి వినపడేలా లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు... గొంతు ఆగిపోయిందంటే ఊపిరి ఆగినట్టే. అప్పుడు చెయ్యీ కాలూ దించేసి, కాస్త తక్కువగా బిగించి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి.

నమస్కారం.