సందు మూసి డబ్బా పెడితే సరిపోతుందా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఇళ్ల సందుల్లో గూడు పెట్టే స్విఫ్ట్ అనే వలస పిట్ట, బ్రిటన్‌లో 2021లో బాగా ఆపదలో ఉన్న పక్షుల జాబితా అయిన రెడ్ లిస్ట్‌కెక్కింది. 1995తో పోలిస్తే అక్కడ వాటి సంఖ్య సగానికి పైగా పడిపోయింది. కొత్త ఇళ్లలో స్విఫ్ట్ ఇటుక, అంటే పిట్ట గూడు పెట్టుకునే బోలు ఇటుక, పెట్టాలన్న ఉద్యమం పార్లమెంటు దాకా వెళ్లింది. మరి ఇప్పటికే ఉన్న ఇళ్ల సంగతేంటి? సందులు మూసి, బదులుగా గూటి డబ్బా పెడితే సరిపోతుందా? ఇంగ్లండ్ నుంచి ఆర్కిటెక్ట్ గారు లైన్లో ఉన్నారు, మనతో పక్షి పరిశీలకురాలు మేడం కూడా ఉన్నారు. చెప్పండి సార్.

ఆర్కిటెక్ట్: నేను చేసేవన్నీ పాత ఇళ్ల పనులేనండీ. వందేళ్ల ఇల్లు, కప్పు అంచు కింద చిన్న సందు. చలి ఆగాలని ఓనరు ఇన్సులేషన్ వేయిస్తాడు, సందు మూసుకుపోతుంది. మే నెలలో ఆఫ్రికా నుంచి, ఆ సందులో గూడు పెట్టిన స్విఫ్టుల జంట తిరిగొచ్చి, నిరుటి చోటు వెతుక్కుంటూ గోడకి కొట్టుకుంటుంది. చూడలేమండీ.

పక్షి పరిశీలకురాలు: అందుకే డబ్బా సంగతి తర్వాత, ముందు ఆ సందు వదిలేయండి అంటాను.

ఆర్కిటెక్ట్: వదిలేయగలిగితే మంచిదే మేడం. కుదరనప్పుడే డబ్బా. పరంజా ఎలాగూ కట్టి ఉంటుంది, అప్పుడే బిగించేస్తే విడిగా ఖర్చుండదు. అయిదు మీటర్ల ఎత్తయినా ఉండాలి. ఎండ నేరుగా పడకూడదు, పిల్లలు ఉడికిపోతాయి. కింద చెట్టూ తీగలూ అడ్డు రాకూడదు, ఎందుకంటే ఇది గూట్లోంచి జారి గాల్లోకి దిగే పిట్ట. ద్వారం 65 మిల్లీమీటర్ల వెడల్పు, 28 నుంచి 30 ఎత్తు. అంతకు మించితే స్టార్లింగులనే వేరే పిట్టలు దూరిపోతాయి.

వ్యాఖ్యాత: పెట్టగానే వచ్చేస్తాయా?

పక్షి పరిశీలకురాలు: అంత సులువా! కొన్ని చోట్ల ఏళ్లు పడుతుంది. పొద్దున్నా సాయంత్రం వాటి కూత రికార్డు పెడితే, చోటు వెతుక్కునే కుర్ర పిట్టలు ఆగి చూస్తాయి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మ్యూజియం చూడండి. అక్కడ గోపురం గాలిగొట్టాల్లో స్విఫ్టులు గూళ్లు పెడుతుంటే, 1948 నుంచి పరిశోధకులు లెక్క రాస్తూనే ఉన్నారు. ఆ గొట్టాలు పక్షుల కోసం కట్టినవేం కాదు!

ఆర్కిటెక్ట్: ఒక్క మాట. గూడు వాడుకలో ఉండగా పగలగొట్టడం ఇక్కడ ఇంగ్లండ్‌లో 1981 నాటి వన్యప్రాణుల చట్టం కింద నేరం. అందుకే కప్పు పని సెప్టెంబరు తర్వాత పెట్టుకోమంటాను. ఓనర్లకి నచ్చదు, అప్పటికి వానలు మొదలవుతాయని గొణుగుతారు.

వ్యాఖ్యాత: మన చార్మినార్ దగ్గర తిరిగేవీ ఇవేనా? వాటికీ డబ్బాలు పెట్టొచ్చా?

పక్షి పరిశీలకురాలు: దగ్గరి చుట్టాలే గానీ, వాటి పద్ధతి వేరు. మన చిన్న స్విఫ్టులు ఈకలు, గడ్డి ఉమ్ముతో అతికించి కమానుల కింద గుంపుగా గూళ్లు కడతాయి. డబ్బా అడగవు. కానీ సున్నం వేసే ముందు మనవాళ్లు చీపురుతో ఒక్క ఊపున దులిపేస్తారు. మేస్త్రీ గారూ, పిల్లలు ఎగిరేదాకా ఆ కమాను ఒక్కటీ వదిలెయ్యండి అని చెప్పగలిగితే చాలు.