డొంక దారి – 31వ ఎపిసోడ్: తాటిపూడి వెనక కొండలు

అక్క: అందరికీ నమస్తే. మొదలుపెట్టే ముందు ఒక మాట. కిందటి ఎపిసోడ్‌లో పోయిందన్న నీలం బకెట్టు ఏమైందని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. దొరికింది.

తమ్ముడు: దొరకలేదక్కా, ఇచ్చారు. రెండిటికీ తేడా ఉంది.

అక్క: సరే, ఇచ్చారు. ఈ రోజు తాటిపూడి రైడ్ గురించి. విజయనగరంలో బయలుదేరి, గంట్యాడ మీదుగా తాటిపూడి రిజర్వాయర్, అక్కణ్నుంచి కొండల్లోకి మట్టిదారి. తొలకరి పడింది కదా, మౌంటెన్ బైక్ కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లంతా ఇప్పుడు బయటికి తీస్తారు. వాళ్లకి ఏం కావాలో చెప్దాం.

తమ్ముడు: ముందు టైర్లో గాలి.

అక్క: దారి చెప్పనీరా.

తమ్ముడు: దారి ఎవరినడిగినా చెప్తారు. గాలే ఎవరూ చూసుకోరు. బొటనవేలితో నొక్కి, గట్టిగా ఉంది కదా అని వచ్చేస్తారు. తారు రోడ్డు మీద 50 పీఎస్‌ఐ, అంటే పంపు మీద చూపించే గాలి ఒత్తిడి లెక్క, బాగానే ఉంటుంది. అదే గాలితో కొండెక్కితే టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, నేలని పట్టుకోదు. నా బరువుకి, నా రెండుంపావు అంగుళాల టైరుకి, ట్యూబ్‌లెస్ కాబట్టి ముందు 22, వెనక 25. ట్యూబు ఉన్నవాళ్లు అంత తగ్గించకండి. రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి.

అక్క: అయిందా?

తమ్ముడు: ప్రస్తుతానికి.

అక్క: పొద్దున ఐదింటికి బయలుదేరండి. ఎండెక్కేలోపు కొండ నీడలోకి వెళ్లిపోవాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తక్కువ కాకుండా పట్టుకెళ్లండి. గెడ్డ, అంటే వాగు, దాటేచోట దిగి, లోతు చూసుకుని సైకిలు నడిపించుకుంటూ దాటండి. పైన వాన పడితే కింద మనకి తెలియదు, నీళ్లు ఒక్కసారిగా వచ్చేస్తాయి. రిజర్వు ఫారెస్టు బోర్డు కనిపిస్తే అనుమతి లేకుండా లోపలికి పోకండి. ఇంకా ఎత్తుకి పోవాలనుకునేవాళ్లు శృంగవరపుకోట వైపు నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కొచ్చు, కానీ అది తారు రోడ్డు, బస్సులు తిరుగుతాయి. ఆ కొండల్లోనే రైలు దారి మీదున్న శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంది. మన విజయనగరం వంద మీటర్లు కూడా లేదు. అంత ఎక్కాలంటే తొందరపడకూడదు.

తమ్ముడు: జీడితోటల పక్కన ఆ దిగుడు గురించి ముగ్గురు అడిగారు. ట్రాక్ ఫైల్ కావాలంట, అదే నేను దిగిన దారి ఫోన్‌లో రికార్డు చేసింది. యాప్‌లోనే ఉంది, తీసుకోండి...

అక్క: ఆగు. ఇంకా ఉందా?

తమ్ముడు: ఏది?

అక్క: ఆ ట్రాక్. తీసేస్తానన్నావు.

తమ్ముడు: తీసేద్దామనే అనుకున్నా. తర్వాత చూస్తే నలభై మంది సేవ్ చేసుకున్నారు. ఇప్పుడు తీసి ఏం లాభం?

అక్క: నలభై ఒకటో మనిషికి అందదు, అదీ లాభం. కిందటి నెల వెళ్లినప్పుడు ఆ మలుపు దగ్గర ఒక అవ్వ నన్ను ఆపింది. తిట్టలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించింది. మడి గట్టు మీద నుంచి టైర్ల జాడలు, పక్కన చోడి, అంటే రాగి, మొలకలు నేలకి అతుక్కుపోయి ఉన్నాయి. బాట మలుపు తిరుగుతుంటే మనవాళ్లు తిరగలేదు, అడ్డంగా కోసుకుని దిగిపోయారు. ఎందుకంటే నీ ట్రాక్ అలాగే ఉంది.

తమ్ముడు: నేను దిగినప్పుడు అక్కడ చోడి లేదక్కా. వేసవి అది. మాడిన తుప్పలు, బూడిద. ఖాళీ కొండ అనుకున్నాను.

అక్క: పోడు కొట్టిన నేల వేసవిలో అలాగే ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన మడి అది. వానపడితే చోడి, సామ, కంది వేసుకుంటారు. కంచె లేకపోతే ఎవరిదీ కాదనుకోవడమే మన తప్పు.

తమ్ముడు: తప్పే. కానీ దారి దాచుకోవడం కూడా నాకు నచ్చదు. మనకి ఎవరో చెప్తేనే కదా తెలిసింది? ఇంజినీరింగ్ చదివే పిల్లలు రెండో చేతి సైకిలు కొనుక్కుని వస్తున్నారు. కొండ కింద టీ కొట్టాయన ఆదివారం ఇడ్లీ కూడా పెడుతున్నాడు మనవాళ్ల కోసం. ఈ ఆట పుట్టిందే అలా. 1970ల్లో కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీలో, పాత సైకిళ్లు కొండ మీదికి చేర్చి కిందికి వదిలేవారు. 1976లో మొదలైన పందెం పేరు రీప్యాక్. దిగేసరికి వెనక బ్రేకులో గ్రీజు మొత్తం కాలిపోయేది, మళ్లీ నింపుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ పేరు. అక్కణ్నుంచి 1996లో ఒలింపిక్స్‌కి చేరింది. వాళ్లు దారి దాచుకుని ఉంటే?

అక్క: వాళ్లు దిగింది ఏ దారి?

తమ్ముడు: ఫైర్ రోడ్డు.

అక్క: అదీ. అడవి తగలబడితే బళ్లు పోవడానికి వేసిన రోడ్డు. ఇది మనుషుల కాళ్లకింద పడిన బాట, ఒక మనిషి పట్టేంత. పైగా అదే మారిన్‌లో ఇప్పుడు సన్నబాటలు చాలావాటిల్లోకి సైకిలు రానివ్వరు. నువ్వే చెప్పావు నాకు.

తమ్ముడు: చెప్పాను.

అక్క: బాట పక్కకి వంకర్లు తిరుగుతూ ఎందుకు దిగుతుందో ఆలోచించావా? బరువు మోసేవాళ్ల మోకాళ్ల కోసం. నీళ్ల కోసం కూడా. అడ్డంగా పోయే బాట మీద నీళ్లు పక్కకి జారిపోతాయి. నిలువుగా దిగే గాడిలో నీళ్లు పరిగెత్తుతాయి. ఒక వానకి వేలెడు, సీజను అయ్యేసరికి మూరెడు.

తమ్ముడు: మన కొండల మట్టి కూడా అలాంటిదే. రాయి ఖొండలైటు. ఖోండు గిరిజనుల పేరు మీదే పెట్టారు దానికి. అది నానినాని మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది. ఎండలో సిమెంటులా ఉంటుంది, తడిస్తే వేలితో గీయొచ్చు.

అక్క: ఆ కోసుకుపోయిన మట్టి గెడ్డలోకి పోతుంది, గెడ్డ నుంచి గోస్తని నదిలోకి, గోస్తని నుంచి తాటిపూడిలోకి. విశాఖపట్నానికి నీళ్లిచ్చే రిజర్వాయర్ అది.

తమ్ముడు: అసలు గాడి పెట్టేది చక్రం కాదక్కా, జారే చక్రం. వెనక బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం తిరగడం ఆగి, నేలని గీక్కుంటూ పోతుంది. నాగలి కర్రులాగ. గాలి ఎక్కువున్న టైరు ఇంకా త్వరగా జారుతుంది. అందుకే నేను మొదటినుంచీ...

అక్క: గాలి.

తమ్ముడు: గాలే! ఈసారి నిజంగా విను. గాలి సరిగ్గా ఉండి, రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా వాడుతూ, ఒళ్లు వెనక్కి పెట్టి దిగితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, నేల చెక్కుకుపోదు. వాన పడిన మర్నాడు మాత్రం ఎంత గాలి పెట్టినా వెళ్లకూడదు. జిగురుమట్టి టైరుకి అంటుకుని ఫోర్కులో ఇరుక్కుంటుంది.

అక్క: ఇది బాగుంది. ఇది రాసి పెట్టు, ట్రాక్ బదులు.

తమ్ముడు: ఊఁ.

అక్క: ఏమైంది? ఇందాకటి ఊపు లేదు.

తమ్ముడు: నీకు చెప్పలేదు. పోయిన వారం ఒక్కణ్నే వెళ్లాను. ఆ దిగుడు పైన ఉండగా డోలీ ఎదురొచ్చింది.

అక్క: ఎవర్ని?

తమ్ముడు: ఒకామెని. జ్వరం అన్నారు, దుప్పటి కప్పి ఉంది. కర్ర ముందొకరు, వెనకొకరు, మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు. బాట మధ్యలో గాడి ఉంది చూడు, వెనకాయన కాలు అందులో పడి జారింది. పడిపోలేదు. మోకాలు ఆనించుకుని కర్ర వదలకుండా పట్టుకున్నాడు. నేను సైకిలు తుప్పల్లో పడేసి వెళ్లి పట్టుకున్నాను. కింద రోడ్డుదాకా వాళ్లతో నడిచాను. అంబులెన్సు అక్కడ ఆగి ఉంది.

అక్క: ...

తమ్ముడు: ఆ గాడి నాదో, వేరేవాళ్లదో, వానదో తెలియదు. ఆయన నన్ను ఏమీ అనలేదు. నీళ్లడిగాడు, ఇచ్చాను.

అక్క: ఆమెకి ఎలా ఉంది?

తమ్ముడు: మొన్న టీ కొట్టు దగ్గర అడిగాను. ఇంటికొచ్చేసిందంట.

అక్క: నాకు ఫోన్ చేయాల్సింది రా.

తమ్ముడు: చేసి ఏం చెప్పను? ట్రాక్ తీయలేదని నువ్వు తిడతావని...

అక్క: తిట్టేదాన్నే. ఫోన్ ఇటివ్వు.

తమ్ముడు: ఆగు, నేనే తీస్తాను. ఇదిగో. తీసేయనా అని అడుగుతోంది. తీసేశాను. ఇంటి దగ్గర దిగిపోయే ముక్క కూడా పోయిందక్కా, మొత్తం రైడే పోయింది.

అక్క: రైడ్ ఎక్కడికీ పోదు. సేవ్ చేసుకున్న నలభై మందిలో ఎవరైనా వింటుంటే మీరూ తీసేయండి, దయచేసి. వెళ్లాలనుకుంటే వెళ్లండి, రిజర్వాయర్ దగ్గర నుంచి ఊరివాళ్లని అడుగుతూ వెళ్లండి. ఎదురుగా మనిషి కనిపిస్తే దిగి పక్కకి జరగండి. బరువుతో ఉన్నవాళ్లకి బెల్లు కొట్టకండి.

తమ్ముడు: ఆ గాడి పూడ్చొచ్చా మనం? రాళ్లు అడ్డంగా పెడితే నీళ్లు పక్కకి పోతాయి కదా.

అక్క: పెట్టొచ్చు. అవ్వని అడిగి పెట్టాలి. నీళ్లు పక్కకి తిప్పితే అవి ఎవరి మడిలోకి పోతాయో ఆమెకే తెలుసు.

తమ్ముడు: రేపు వెళ్దామా?

అక్క: రేపు సంత. పైవాళ్లంతా బరువులతో దిగుతారు.

తమ్ముడు: ఎల్లుండి?

అక్క: ఎల్లుండి నాకు డ్యూటీ. గురువారం అయితే వస్తాను. గునపం మీ ఇంట్లో ఉందా?

తమ్ముడు: గునపం ఉంది. పార పక్కింటివాళ్లు పట్టుకెళ్లారు, అడగాలి.

అక్క: అడుగు ఇప్పుడే, మళ్లీ పడుకుంటారు.