థార్ స్టీల్ బంపర్‌కి ఏ కోటింగ్ నిలబడుద్ది? ఉప్పుగాలిలో వేలాడదీసి చూశా

నమస్తే అన్నలూ, తమ్ముళ్ళూ, నెల్లూరు నుంచి మాట్లాడతా ఉండా. నా చేతిలో ఉన్న ఈ ముక్క చూడండి, తమ్ముడూ కెమెరా ఇంకొంచెం దగ్గరికి తీసుకురా, ఆ, చాలు. ఇది నా థార్ ముందు బంపర్ మీద నుంచి ఊడొచ్చిన పౌడర్ కోటింగ్ పెచ్చు, అరచెయ్యంత ఉండాది. పైన చూస్తే నల్లగా నిగనిగలాడతా నిన్న కొట్టించినట్టే ఉంది, తిప్పితే వెనకంతా తుప్పు, వేలితో రుద్దితే పొడిపొడిగా రాలతా ఉంది చూడండి. అంటే రంగుకి ఏం కాలా, రంగు కింద ఇనుము పోయింది. స్టీల్ బంపర్ వేయించుకునే ప్రతి ఒక్కరూ ఏ కోటింగ్ మంచిది అని అడుగుతారు, కోటింగ్ కింద ఏం చేశారన్నా అని మాత్రం అడగరు, నేనూ అడగలా, అందుకే ఇది నా చేతిలో ఉంది.

అసలు జరిగిందేందంటే, బంపర్ వెల్డింగ్ అయ్యాక ఒక షాపులో ఇచ్చా, పేరు చెప్పను, బ్లాస్టింగ్ చేసి, అంటే గాలి ఒత్తిడితో గరుకు రవ్వ కొట్టి ఇనుముని శుభ్రం చేసి గరుకు చేశాక, పౌడర్ వేయండి అన్నా, చేశాం అన్నారు. ఇప్పుడు పెచ్చు లేచాక చూస్తే కింద వైర్ బ్రష్ గీతలు క్లియర్‌గా కనపడతా ఉండాయి, అంటే బ్లాస్టింగే చెయ్యలా. మనకి వానలంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ కదా, అట్టాంటి సీజన్లు రెండు అయ్యేసరికి టో హుక్ పక్కన వెల్డింగ్ కాడ బియ్యపు గింజంత బుడిపి వచ్చింది. గోరుతో నొక్కితే నల్లటి నీళ్ళు కారాయి. నెల తిరక్కముందే ఆ బుడిపి నుంచి ఈ పెచ్చు లేచింది.

మన బండికి దెబ్బ రెండు వైపుల నుంచి తగులుద్ది. ఉదయగిరి వైపు కొండ దారుల్లో తిప్పితే రాయి ఎగిరి తగిలి రంగు చిట్లుద్ది, ఆదివారం మైపాడు బీచ్‌కి పోతే ఆ చిట్లిన చోట ఉప్పు చేరుద్ది. పౌడర్ అంటే ఏందంటే కరెంటు ఛార్జ్‌తో పొడిని ఇనుముకి అంటించి ఓవెన్‌లో 180, 200 డిగ్రీల్లో కాలుస్తారు, కరిగి ఒకే తొడుగులా అయిపోద్ది, మందం 60 నుంచి 100 మైక్రాన్లు ఉంటది, అంటే మన జుట్టు వెంట్రుకంత. గట్టిగానే ఉంటది, నేను కాదనను, కానీ ఆ తొడుగుకి ఒక్క చోట చిల్లు పడి, కింద ఇనుము సరిగ్గా గరుకుగా లేకపోతే నీళ్ళు తొడుగుకీ ఇనుముకీ మధ్యలో పాక్కుంటా పోతాయి. పైకి ఏం తెలీదు, అదే దాంతో బాధ.

సరే, ఈసారి ఎవరి మాటా వినకుండా నేనే చూద్దాం అని 3 ఎంఎం ప్లేట్ ఒకటే తెచ్చి నాలుగు ముక్కలు కోయించా. ఒకటి వైర్ బ్రష్ కొట్టి పౌడర్, రెండోది బ్లాస్టింగ్ చేసి పౌడర్, మూడోది బ్లాస్టింగ్ చేసి జింక్ ప్రైమర్ మీద పౌడర్, నాలుగోది బ్లాస్టింగ్, జింక్ ఎపాక్సీ ప్రైమర్, పైన బెడ్ లైనర్, అంటే పికప్ బండ్ల తొట్టికి కొట్టే రబ్బర్ లాంటి గరుకు కోటింగ్. నాలుగిటి మీదా కట్టర్‌తో ఇనుము కనపడేదాకా ఇంటూ గుర్తు గీశా. ఇందుకూరుపేట కాడ మా మామ రొయ్యల గుంట ఉంది, ఆ గట్టు మీద, నీళ్ళు చిలికే ఏరియేటర్ల పక్కన స్తంభానికి కట్టేశా, జూన్‌లో కట్టి డిసెంబర్‌లో విప్పా. మామ నన్ను చూసి, "అల్లుడూ, ఆ మోటర్ ఫ్రేములు చూడు, ఏటా రంగేస్తా ఉండా, ఈ గాలికి ఏదీ ఆగలా" అన్నాడు. అందుకే కదా మామా ఈడికి తెచ్చింది అన్నా.

ఇదిగో మొదటిది, గీత పక్కన స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే బొటనవేలంత వెడల్పున తోలులాగా వచ్చేసింది. రెండోది చాలా నయం, గీత పక్కన కొంచెమే లేచింది. ఆ రెండిటికీ తేడా బ్లాస్టింగ్ ఒక్కటే, పౌడర్ ఒకే డబ్బాలోది, అది గుర్తుపెట్టుకోండి. ఇంక మూడోది, నాలుగోది దగ్గరగా చూపించు తమ్ముడూ, గీతలో ఎర్రగా లేదు, సున్నం లాగా తెల్లటి పొడి ఉంది కదా, అది జింక్. ఇనుము కంటే ముందు జింక్ తను కరిగిపోతా ఇనుముని కాపాడుద్ది, అందుకే గీత పడినా తుప్పు పక్కకి పాకలా. అయితే ఆ జింక్ నేరుగా ఇనుముని తాకాల, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీదో పాత తుప్పు మీదో కొడితే ఏం పని చెయ్యదు.

కంపెనీల వాళ్ళు సాల్ట్ స్ప్రే ఇన్ని గంటలు అని రాస్తారు చూడండి, ఆ టెస్ట్‌లో 5 శాతం ఉప్పునీళ్ళని 35 డిగ్రీల్లో ఆపకుండా మంచులాగా కొడతా ఉంటారు. రెండు డబ్బాల్లో ఏది మేలో చూసుకోడానికి పనికొస్తది, కానీ మన దగ్గర పొద్దున తడిసి మధ్యాహ్నం ఎండకి కాలి రాత్రి మళ్ళీ చెమటపట్టుద్ది, పైన రాళ్ళ దెబ్బ, కాబట్టి ఇన్ని గంటలంటే ఇన్నేళ్ళు అని లెక్కేసుకోబాకండి.

నేను నా బంపర్‌కి నాలుగోదే వేయించా. రాళ్ళ దెబ్బకి లైనర్ రబ్బర్ లాగా సాగి ఓర్చుకుంటది, పౌడర్ చిట్లుద్ది. ఇంకోటి, పౌడర్ చెడితే బంపర్ మొత్తం విప్పి మళ్ళీ ఓవెన్‌కి పంపాల, లైనర్ అయితే చెడిన చోట గీకి, ప్రైమర్ పూసి, బ్రష్‌తో ఇంటి ముందే వేసుకోవచ్చు. నాకు ఇదే బో నచ్చింది. కానీ గరుకుగా ఉంటది కాబట్టి బురద పట్టుకుంటది, గుడ్డతో పోదు, బ్రష్ పెట్టి రుద్దాల. మీకు నున్నగానే కావాలంటే మూడోది వేయించుకోండి, పైన పాలిస్టర్ పౌడరే అడగండి, ఎపాక్సీ పౌడర్ ఒక్కటే వేస్తే ఎండకి సుద్దలాగా తెల్లబడిపోద్ది.

చేయించేటప్పుడు షాపులోనే నిలబడండి. వెల్డింగ్ చుక్కలన్నీ గ్రైండర్‌తో తీయించాల, అంచులు కత్తిలాగా ఉంటే రంగు ఆడ పల్చబడుద్ది, కాబట్టి గుండ్రంగా చేయించాల, అంచులకీ వెల్డింగ్‌కీ ముందు బ్రష్‌తో ఒక కోటు పూయించాల. బ్లాస్టింగ్ అయినాక ఇనుము బూడిదరంగులో ఒకే తీరుగా ఉండాల, చేత్తో తాకొద్దు, మన గాలికి గంటల్లోనే పసుపు తిరగతది, అదే రోజు ప్రైమర్ పడిపోవాల. జింక్ మీద నేరుగా లైనర్ కొట్టకుండా మధ్యలో 2కె ఎపాక్సీ, అంటే హార్డెనర్ కలిపి కొట్టే ఎపాక్సీ ప్రైమర్, ఒక కోటు వేసి, లైట్‌గా ఎమరీ కొట్టి, అప్పుడు లైనర్. రాప్టర్ లాంటి కంపెనీ లైనర్లు అయితే సీసాలో 750 ఎంఎల్ ఉంటది, దాంట్లో 250 హార్డెనర్ పోసి కలపాల, అందాజాగా పోయకూడదు, ఎండాకాలం తొందరగా బిగుసుకుంటది కాబట్టి సాయంత్రం పెట్టుకోండి.

ఇది మాత్రం గట్టిగా చెప్తా ఉండా, ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మూతికి గుడ్డ కట్టుకుని కొట్టే పిలకాయల్ని చూస్తే నాకు భయమేస్తది, సరైన కార్ట్రిడ్జ్ మాస్క్ లేకుండా కొట్టబాకండి, కొట్టించబాకండి. బ్లాస్టింగ్ కూడా మామూలు ఇసుకతో వద్దు, ఆ దుమ్ముకి సిలికోసిస్ వస్తది, స్టీల్ గ్రిట్టో గార్నెట్టో ఉన్న చోటే ఇవ్వండి.

బండికి బయట బిగించే ఇట్టాంటి బంపర్లు, గార్డుల సంగతి కూడా ఒక మాట, 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డులు మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధం అని రాష్ట్రాలకి రాసింది. ఎయిర్‌బ్యాగ్ పనితీరు మీద కూడా ప్రభావం ఉంటది, ఎదురొచ్చే మనిషికీ ప్రమాదం. నా బంపర్ ఆఫ్‌రోడ్‌కి పోయినప్పుడే బిగిస్తా, రోడ్డు మీద కంపెనీదే.

ఇంక చివరగా బంపర్ లోపల. పైపు లోపలికి ఈ నాలుగు కోటింగుల్లో ఏదీ పోదు, అడుగున రెండు బొక్కలు పెట్టించి లోపల వ్యాక్స్ కొట్టించండి, బీచ్ నుంచి రాగానే ఆ బొక్కల్లోకి కూడా మంచినీళ్ళు పట్టండి. నాది విప్పినప్పుడు అడుగు బొక్క మైపాడు ఇసుకతో మూసుకుపోయి ఉంది, పుల్లతో పొడిస్తే అర గ్లాసు ఎర్రనీళ్ళు వచ్చాయి.

చాలామంది గాల్వనైజింగ్ సంగతేంది అన్నా అంటా ఉండారు. అంటే ఇనుముని 450 డిగ్రీల కరిగిన జింక్‌లో ముంచుతారు, లోపలికీ పోద్ది, కానీ పల్చటి ప్లేట్ వంకర తిరగొచ్చు. అందుకే ఐదో ముక్క ముంచించి, మొన్నే మామ గుంట కాడ అదే స్తంభానికి కట్టొచ్చా, వానలు అయిపోయినాక సంక్రాంతికి విప్పి ఇట్టే మీ ముందు పెడతా.