క్వాలిటీ స్కోరు: పదికి ఎంతని కాదు, ఎక్కడ తగ్గిందని చూడండి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో బండల పాలిష్ యూనిట్లు నడిపేవాళ్ళున్నారు, వాళ్ళ గూగుల్ యాడ్స్ అకౌంట్లు చూసే కుర్రవాళ్ళూ ఉన్నారు. అందుకే ఉదాహరణలన్నీ మన కడప బండల మీదే చెబుతాను. చీరలు, బియ్యం అమ్మేవాళ్ళు తమ సరుకుకు అన్వయించుకోండి.

క్వాలిటీ స్కోరు అంటే ఒక్కో కీవర్డుకు, అంటే ఏ మాట వెతికితే మన యాడ్ రావాలని పెట్టుకుంటామో ఆ మాటకు, 1 నుంచి 10 దాకా చూపించే అంకె. ఎవరి యాడ్ ఎక్కడ చూపాలో తేల్చే వేలంలో గూగుల్ ఈ అంకెను వాడదు. ఎవరైనా వెతికిన ప్రతిసారీ అప్పటికప్పుడు యాడ్ నాణ్యతను లెక్కగట్టి, దానికి మీ బిడ్ (క్లిక్కుకు ఇస్తామన్న మొత్తం), వెతికినవారు ఉన్న ఊరు, వాడే ఫోను, సమయం లాంటివి కలిపి, మీ యాడ్ చోటును నిర్ణయించే యాడ్ ర్యాంక్ తేలుస్తుంది. క్లిక్కుకు మీరు కట్టేది ఆ ర్యాంకు నిలబెట్టుకోవడానికి కావలసినంతే. నాణ్యత పెరిగితే అదే చోటు తక్కువ డబ్బుకు దొరికే వీలుంది. మనకు కనిపించే అంకె లోపం ఎక్కడుందో చెప్పడానికే.

పేర్లు దగ్గరగా ఉన్నాయని కలగాపులగం చేసుకునేవి మరో రెండున్నాయి. యాడ్ రాసేటప్పుడు పక్కన కనిపించే 'యాడ్ స్ట్రెంత్' ఒకటి, శాతంలో కనిపించే 'ఆప్టిమైజేషన్ స్కోరు' ఒకటి. రెండింటికీ క్వాలిటీ స్కోరుతో సంబంధం లేదు. ఆప్టిమైజేషన్ స్కోరు నూటికి నూరు చేస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే, బడ్జెట్ పెంచమంటున్నారేమో ముందు చూసుకోండి.

కీవర్డ్స్ పేజీలో కాలమ్స్ గుర్తు నొక్కితే క్వాలిటీ స్కోరు విభాగం వస్తుంది. అంకెతో పాటు మూడు కాలమ్స్ టిక్ పెట్టండి: ఎక్స్‌పెక్టెడ్ సీటీఆర్ (యాడ్ చూసినవాళ్ళు నొక్కే అవకాశం), యాడ్ రెలవెన్స్ (వెతికిన మాటకు యాడ్ ఎంత సరిపోతుందన్నది), ల్యాండింగ్ పేజ్ ఎక్స్‌పీరియన్స్ (నొక్కాక తెరుచుకునే పేజీ ఎంత పనికొస్తుందన్నది). ఒక్కోదానికి సగటు కంటే పైన, సగటు, సగటు కంటే కింద అని ఉంటుంది. గత 90 రోజుల్లో అదే మాటకు యాడ్ కనిపించిన మిగతావాళ్ళతో పోల్చి ఇది ఇస్తారు. అంకె దగ్గర చిన్న గీత ఉంటే, సరిగ్గా ఆ మాటతో వెతికినవాళ్ళు చాలినంతమంది లేరని అర్థం. మన జిల్లా వరకే యాడ్ పెడితే ఈ గీతలే ఎక్కువ. వాటితో కుస్తీ పట్టకండి.

రెలవెన్స్ తగ్గడానికి మామూలు కారణం, ఒకే యాడ్ గ్రూపులో, అంటే ఒకే యాడ్లు పంచుకునే కీవర్డుల గుంపులో, అరవై కీవర్డులు కుక్కడం. కడప బండ ధర, కిచెన్ గట్టుకు బండ, అల్మరా అరలకు బండ, తాడిపత్రి బండలు, గ్రానైట్, అన్నీ ఒకేచోట. యాడ్‌లో మాత్రం 'నాణ్యమైన స్టోన్ సప్లయర్స్'. అల్మరా అరలకు బండ వెతికినవాడికి అందులో తన మాట ఒక్కటీ కనబడదు. కొనేవాడి అవసరాన్ని బట్టి గ్రూపులు విడగొట్టండి. అలాగని మాటకో గ్రూపు పెడితే నిర్వహించలేరు. ధర అడిగేవాళ్ళు, కిచెన్‌వాళ్ళు, అరలవాళ్ళు, ఇతర రాళ్ళవాళ్ళు: నాలుగు చాలు.

మనం రాసిచ్చిన ముక్కలను గూగులే కలిపి చూపే రెస్పాన్సివ్ సెర్చ్ యాడ్‌లో 15 హెడ్‌లైన్లు, 4 వివరణలు పెట్టవచ్చు. హెడ్‌లైన్‌కు 30 అక్షరాలు, వివరణకు 90. తెలుగులో రాస్తే గుణింతాలు, ఒత్తులు కూడా చోటు తింటాయి. 'కడప బండలు నేరుగా యూనిట్ నుంచి' అన్నది స్పేసులతో కలిపి 29. దాని పక్కన 'బెంగళూరు డెలివరీ' ఇరికించలేం, అది వేరే హెడ్‌లైన్. మూడు నాలుగింటిలో కీవర్డు ఉండాలి. మిగతావాటిలో మందం, పాలిష్, రవాణా, కనీస ఆర్డరు రాయండి. 'నమ్మకానికి మారుపేరు' అని పదిహేనుసార్లు తిప్పి రాస్తే ఎవరూ నొక్కరు, సీటీఆర్ కాలమ్ కింద పడేది అందుకే. ఇంకో అలవాటు మానండి. సొంత యాడ్ వస్తోందా అని రోజూ గూగుల్‌లో వెతికి, నొక్కకుండా వదిలేస్తే ఆ ఇంప్రెషన్లు, అంటే యాడ్ కనిపించిన లెక్క, మీ ఖాతాలోనే పడతాయి. దానికి యాడ్ ప్రివ్యూ టూల్ ఉంది.

ఇక నెగటివ్ కీవర్డులు, అంటే ఏ మాటలు వెతికితే మన యాడ్ రాకూడదో అవి. 'కడప స్టోన్' అని బ్రాడ్ మ్యాచ్‌లో, అంటే దగ్గరి అర్థమున్న వెతుకులాటలకూ యాడ్ పోయే పద్ధతిలో, పెడితే, కడపలో కిడ్నీ స్టోన్ డాక్టరు కోసం వెతికేవాడికీ మీ యాడ్ పోవచ్చు. పాపం, అతని బాధ వేరు. జనం నిజంగా ఏ మాటలతో వెతికారో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు వారానికోసారి చూసి కిడ్నీ, హాస్పిటల్, ఉద్యోగాలు లాంటివి నెగటివ్‌లుగా చేర్చండి. నెగటివ్‌లు పర్యాయపదాలను, బహువచనాలను వాటంతటవే పట్టుకోవు, విడిగా రాయాలి. అయితే వీటివల్ల స్కోరు పెరుగుతుందన్న ప్రచారం నమ్మకండి. స్కోరు లెక్క సరిగ్గా ఆ కీవర్డుతోనే వెతికినవాటి మీద. బ్రాడ్ లాంటి మ్యాచ్ టైప్ మార్చినా అంకె కదలదు. నెగటివ్‌లతో మిగిలేది డబ్బు, అదేం తక్కువ కాదు.

నా లెక్కలో మన దగ్గర ఎక్కువ నష్టం ల్యాండింగ్ పేజీ దగ్గరే. యాడ్ కిచెన్ బండ గురించి, నొక్కితే తెరుచుకునేది హోం పేజీ: తిరిగే ఫొటోలు, 'మా గురించి', అడుగున ఎక్కడో పీడీఎఫ్ క్యాటలాగు. కిచెన్ గ్రూపుకు కిచెన్ పేజీ ఉండాలి. మొదటి తెరలోనే బండ ఫొటో, మందం 20 మిల్లీమీటర్లా 25 మిల్లీమీటర్లా, చదరపు అడుగు ధర లేదా కనీసం ధరల శ్రేణి, ఫోన్ బటన్ కనిపించాలి. యాడ్ తెలుగులో ఉంటే పేజీ కూడా తెలుగులోనే ఉండాలి. కెమెరా నుంచి తీసిన ఆరు ఎంబీల ఫొటోను అలాగే ఎక్కించకండి. వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌కు మార్చి, వెడల్పు తగ్గిస్తే 200 కేబీ లోపు వస్తుంది. పేజీ వేగం కొలిచే గూగుల్ టూల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ ట్యాబ్ చూడండి, పెద్ద ఫొటో కనిపించే సమయం 2.5 సెకన్లు దాటకూడదు. అన్నీ బాగున్నా ల్యాండింగ్ పేజ్ కాలమ్ సగటు కంటే కిందే ఉంటే, మీ సైటులో ఏ బాట్‌లు ఏ పేజీలు చూడవచ్చో చెప్పే రోబోట్స్ ఫైలు తెరవండి. అందులో యాడ్ పేజీలను పరిశీలించే గూగుల్ బాట్ యాడ్స్‌బాట్‌ను పేరు పెట్టి అడ్డుకుని ఉంటే గూగుల్ మీ పేజీని చూడనే లేదు.

పని ఖర్చు ఎక్కువున్న కీవర్డుతో మొదలుపెట్టండి. సగటు కంటే కింద ఉన్న కాలమ్ ఒక్కటే సరిచేయండి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. తేదీ రాసిపెట్టుకుని, కొన్ని వారాలయ్యాక పాత స్కోరు చూపే కాలమ్‌తో పోల్చండి. స్కోరు 4 ఉన్నా ఆర్డర్లు తెస్తున్న కీవర్డును ఆపకండి, 9 ఉండి ఒక్క ఫోనూ రానిదాన్ని మోయకండి. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్ళు కీవర్డ్స్ పేజీ తెరిచి, ఖర్చు కాలమ్ మీద నొక్కండి. పైనున్న మొదటిదాంతో మొదలుపెడదాం.