ప్రతి కాగితాన్నీ తిరగేసిన చరిత్రకారుడు: రాబర్ట్ కారో

శ్రోతలకు నమస్కారం.

ఒక మనిషి జీవిత చరిత్ర రాయడానికి ఎంత కాలం పడుతుందని అడిగితే, మనలో చాలామంది ఏడాదో రెండేళ్లో అంటాం. అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ కారో ఒక వ్యక్తి మీద ఏడేళ్లు, మరొక వ్యక్తి మీద సుమారు యాభై ఏళ్లు వెచ్చించారు. మొదటి వ్యక్తి రాబర్ట్ మోజెస్. న్యూయార్క్ నగరంలోనూ దాని చుట్టుపక్కలా వంతెనలు, రహదారులు, పార్కులు కట్టించిన అధికారి. రెండో వ్యక్తి అమెరికా 36వ అధ్యక్షుడు లిండన్ జాన్సన్. ఈ జాన్సన్ పేరు మన దేశంలో పాతతరం వారికి మరో రకంగా గుర్తుండే ఉంటుంది. 1965, 1966 కరువు రోజుల్లో పి.ఎల్. 480 అనే అమెరికా ఆహార సహాయ చట్టం కింద మనకు రావలసిన గోధుమలను ఒక్కసారిగా వదలకుండా, కొద్దికొద్దిగా విడుదల చేయించిన అధ్యక్షుడు ఆయనే. రాజకీయాధికారాన్ని ఒక మనిషి ఎలా చేజిక్కించుకుంటాడు, చేజిక్కాక దానితో ఏం చేస్తాడు, అది ఎవరి బతుకులను బాగు చేస్తుంది, ఎవరి ఇళ్లను కూలుస్తుంది అన్న ప్రశ్నలను ఈ ఇద్దరి జీవితాల ద్వారా అడగడమే కారో చేసిన పని.

కారో 1935 అక్టోబరు 30న న్యూయార్క్ నగరంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు ఆయన కథలు చాలా వేగంగా, చివరి నిమిషంలో రాసి ఇచ్చేవారట. వాటికి మంచి మార్కులే వచ్చేవి. అయితే, ఆయనకు పాఠం చెప్పిన ప్రసిద్ధ విమర్శకుడు ఆర్. పి. బ్లాక్‌మర్ మాత్రం, వేళ్లతో ఆలోచించడం మానకపోతే నువ్వు అనుకున్నది సాధించలేవని ఒకనాడు మందలించారు. తన లోగుట్టు గురువుగారికి మొదటినుంచీ తెలుసని కారోకు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత జీవితమంతా ఆయన తొలి ప్రతిని చేత్తో, తీరుబడిగా రాసుకుని, దాన్ని స్మిత్ కరోనా టైప్‌రైటర్ మీద కొట్టడమే అలవాటు చేసుకున్నారు. ఆ నమూనా టైప్‌రైటర్ల తయారీ ఎప్పుడో ఆగిపోయినా, కంప్యూటర్ వైపు ఆయన చూడలేదు.

చదువు ముగిశాక పత్రికల్లో చేరి, 1959 నుంచి లాంగ్ ఐలండ్‌లోని న్యూస్‌డే పత్రికలో పనిచేశారు. అక్కడి సంపాదకుడు ఆలన్ హాత్‌వే పాతకాలపు పత్రికా మనిషి. పెద్ద విశ్వవిద్యాలయాల పట్టభద్రులంటే ఆయనకు గిట్టేది కాదు. ఒకసారి మరెవరూ దొరక్క కారోను ఒక ప్రభుత్వ కార్యాలయానికి పంపితే, ఆయన రాత్రంతా విమానాశ్రయం తాలూకు ఫైళ్లు తిరగేసి సుదీర్ఘమైన నివేదిక తయారుచేశారు. అది చదివిన హాత్‌వే, ఇకమీదట నువ్వు పరిశోధన వార్తలే రాయమని చెప్పి, ఒక్క సలహా ఇచ్చారు: దేన్నీ ముందే ఊహించుకోకు, ప్రతి పేజీ తిరగెయ్యి. కారో చరిత్ర రచనా పద్ధతికి ఇంతకుమించిన సిద్ధాంతం లేదు. చరిత్ర శాఖలో డాక్టరేట్ చేయని ఈ పత్రికా రచయిత, విశ్వవిద్యాలయ చరిత్రకారులు సైతం లెక్కచేయక తప్పని స్థితికి ఎదిగింది ఈ పద్ధతితోనే.

మోజెస్ ఆయన జీవితంలోకి వచ్చింది ఒక వంతెన వల్ల. లాంగ్ ఐలండ్ జలసంధి మీద భారీ వంతెన కట్టాలని మోజెస్ ప్రతిపాదించినప్పుడు, అది ఎందుకు తగదో వివరిస్తూ కారో వరుసగా వార్తా కథనాలు రాశారు. రాష్ట్ర రాజధాని ఆల్బనీకి వెళ్లి శాసనసభ పెద్దలను కలిస్తే, అందరూ ఔనౌనన్నారు. పని అయిపోయిందనుకుని ఆయన తిరిగి వచ్చారు. కొద్ది రోజులకే, మోజెస్ ఆల్బనీకి వచ్చి వెళ్లారని ఒక మిత్రుడి నుంచి ఫోను వచ్చింది. కారో మళ్లీ వెళ్లి చూస్తే, మొన్న ఔనన్నవారే ఇప్పుడు వంతెనకు జై అంటున్నారు. ఓట్లతో గెలిచినవారి చేతిలోనే అధికారం ఉంటుందని ఇన్నాళ్లూ నమ్మి వార్తలు రాశాను, ఏ ఎన్నికలోనూ గెలవని ఈ మనిషికి ఇంత అధికారం ఎక్కడిది అన్న ప్రశ్న ఆయనను ఇల్లు చేరేవరకూ వదల్లేదు. ఆ తర్వాత హార్వర్డ్‌లో ఒక ఏడాది ఫెలోషిప్ మీద ఉండగా, రహదారులు ఎక్కడ ఎందుకు వెలుస్తాయో ఒక ఆచార్యుడు గణిత సూత్రాలతో వివరిస్తుంటే, ఇదంతా తప్పు, మోజెస్ ఎక్కడ కావాలంటే అక్కడే వస్తాయి కదా అని కారో మనసులో అనుకున్నారు.

పుస్తకం ఏడాదిలో తేలుతుందని మొదలుపెడితే ఏడేళ్లు పట్టింది. ప్రచురణకర్త ఇచ్చిన అడ్వాన్సు కొద్దిపాటిది, ఉద్యోగం మానేశారు, ఇంట్లో చిన్న పిల్లవాడు. ఒకరోజు ఆయన బయటినుంచి వచ్చేసరికి, ఇల్లు అమ్మేశామని భార్య ఐనా చెప్పారు. ఆ డబ్బుతో బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంటులో కాలక్షేపం చేస్తూ పుస్తకం ముందుకు నడిపారు. ఈ ఐనా కారో గురించి ఒక మాట చెప్పాలి. భర్త పరిశోధనలో ఆయన నమ్మి పని అప్పగించిన ఏకైక వ్యక్తి ఆమె. తానూ ఫ్రాన్స్ చరిత్ర మీద పుస్తకాలు రాశారు.

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో రచయితలకు కేటాయించిన గదిలో చోటు దొరికే నాటికి, తాను ఐదేళ్లుగా ఒకే పుస్తకం పట్టుకుని వేలాడుతున్నానని కారోకు లోలోపల సిగ్గుగా ఉండేది. అక్కడ జార్జి వాషింగ్టన్ జీవిత చరిత్రకారుడు జేమ్స్ ఫ్లెక్స్‌నర్ పలకరించి, ఎన్నాళ్లుగా రాస్తున్నారని అడిగితే, బెరుకుగా ఐదేళ్లన్నారు. అదేమంత ఎక్కువ, నా వాషింగ్టన్‌కు తొమ్మిదేళ్లయింది అని ఆయన జవాబు. ఆ ఒక్క మాట తనకు ఎంత ప్రాణం పోసిందో కారో చాలాచోట్ల చెప్పుకున్నారు.

మోజెస్ మొదట మాట్లాడనన్నారు. తన వాళ్లెవరూ మాట్లాడరని కూడా చెప్పించారు. కారో ఒక కాగితం మీద వలయాలు గీసుకుని, మధ్యలో మోజెస్‌ను, చుట్టూ కుటుంబాన్ని, ఆ వెలుపల పరిచయస్థులను, ఇంకా వెలుపల ఎప్పుడో ఒకసారి ఆయనతో పనిపడినవారిని రాసుకుని, చివరి వలయం నుంచి లోపలికి నరుక్కొచ్చారు. చివరికి మోజెస్ కూడా పిలిపించి ఏడుసార్లు మాట్లాడారు; ఇబ్బందికరమైన ప్రశ్నలు మొదలయ్యేసరికి ఆ తలుపు మూసుకుంది. మొత్తం 522 మందితో మాటలు. క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే అనే రహదారిలో ఒకే ఒక మైలు కోసం ఈస్ట్ ట్రెమాంట్ అనే పేటలో 1,530 కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ దారిని కాస్త పక్కకు జరిపితే దాదాపు అన్ని ఇళ్లూ నిలిచేవని చూపిస్తూ, చెల్లాచెదురైన ఆ కుటుంబాలను వెతికి పట్టుకుని కారో రాసిన అధ్యాయాన్ని ఇప్పటికీ నగర ప్రణాళిక విద్యార్థులు చదువుతారు. 1974లో ‘ది పవర్ బ్రోకర్’ పేరుతో వెలువడిన ఈ పుస్తకం 1,200 పేజీలకు పైమాటే. రాతప్రతి పది లక్షల మాటలు దాటితే, అంతకన్నా లావు పుస్తకాన్ని కుట్టడం సాధ్యం కాదని సంపాదకుడు రాబర్ట్ గాట్లీబ్ సుమారు మూడున్నర లక్షల మాటలు తీయించారు. ఆ కోతలో పోయిన వాటిలో, మోజెస్‌ను ఎదిరించిన జేన్ జేకబ్స్ గురించిన అధ్యాయం కూడా ఉంది. నా మటుకు నాకు అది తీరని లోటనిపిస్తుంది. మోజెస్ 23 పేజీల ఖండన విడుదల చేశారు. పుస్తకానికి 1975లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఆ తర్వాత జాన్సన్. మూడు సంపుటాలన్నారు, అది ఐదుకు పెరిగింది. టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలోని జాన్సన్ గ్రంథాలయంలో అంతస్తుల కొద్దీ ఎర్రని పెట్టెల్లో కోట్ల కాగితాలున్నాయి. అన్నీ చదవడం ఒక జన్మలో అయ్యే పని కాదు కనుక, జాన్సన్ కాంగ్రెస్ సభ్యుడైన తొలి ఏళ్ల కాగితాలనైనా వదలకుండా చూడాలని కారో నిశ్చయించుకున్నారు. అలా చూస్తుండగా ఒక వింత కనిపించింది. 1940 అక్టోబరు దాకా పెద్ద సభ్యులకు వినయంగా ఉత్తరాలు రాసిన కుర్ర జాన్సన్‌కు, నవంబరు నుంచి ఆ పెద్దలే, ఐదు నిమిషాలు సమయమివ్వమని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. మధ్యలో ఏం జరిగింది? ఎవరూ నోరు విప్పలేదు. ఆఖరికి పనికిరానిదనిపించే ఒక ఫైలులో టెక్సస్ కాంట్రాక్టర్ జార్జ్ బ్రౌన్ పంపిన టెలిగ్రాం బయటపడింది: చెక్కులు మీకు అంది ఉండాలి అని దాని సారాంశం. ఎన్నికల నిధులు తెప్పించి తోటి సభ్యులకు పంచే కీలక స్థానంలో జాన్సన్ ఎలా కూర్చున్నారో ఆ కాగితం ముక్కతో తేలింది.

కాగితాలతో తేలనిది మరొకటుంది. జాన్సన్ పెరిగిన హిల్ కంట్రీ అనే మెట్ట ప్రాంతపు జనం న్యూయార్క్ వాడితో మనసు విప్పలేదు. నేను వీళ్లను అర్థం చేసుకోలేకపోతున్నాను, అక్కడికే మకాం మారుద్దామని భార్యను ఒప్పించి కారో మూడేళ్లు అక్కడ కాపురమున్నారు. ఐనా అంజీరపళ్ల జామ్ చేయడం నేర్చుకుని, సీసాలు పట్టుకుని పొలాల్లోని ఇళ్లకు వెళ్లాక, అక్కడి వృద్ధ స్త్రీలు మాట్లాడసాగారు. 1930లలో ఆ ఇళ్లకు కరెంటు లేదు. నీళ్లు తోడే మోటారు లేదు కాబట్టి మగవాళ్లు పొలానికి, పిల్లలు బడికి వెళ్లాక బావి నుంచి నీళ్లు తోడి మోయవలసింది ఆడవాళ్లే. అప్పటి ఒక అధ్యయనం ప్రకారం ఒక రైతు కుటుంబానికి ఏడాదికి 73,000 గ్యాలన్ల నీళ్లు కావాలి. వాటిని తెచ్చేందుకు నడిచే దూరం ఏడాదికి 1,750 మైళ్లు. కొందరు కావడి లాంటి దూలాన్ని భుజాల మీద వేసుకుని రెండు బకెట్లు మోసేవారు. నా భుజాలు చూశావా, వయసు వల్ల వంగాయనుకోకు, ఇరవైల్లోనే ఇలా అయ్యానని చెప్పిన స్త్రీలు, ఆయన చేత బకెట్ కూడా తోడించారు. వర్షం చుక్కలేని ఎండల్లో పొయ్యి మీద ఇస్త్రీపెట్టెలు కాల్చుకుంటూ చేసే చాకిరీ, బిందె మోసిన చెయ్యి ఎరిగిన ఏ తెలుగు శ్రోతకైనా వేరే చెప్పనక్కరలేదు. యువ కాంగ్రెస్ సభ్యుడు జాన్సన్ వాషింగ్టన్‌లో పట్టుబట్టి ఆ కొండల్లోకి కరెంటు తెప్పించినప్పుడు, అక్కడ ఎందరో పుట్టిన పిల్లలకు లిండన్ అని ఎందుకు పేరు పెట్టుకున్నారో మొదటి సంపుటం చదివితే తెలుస్తుంది.

జాన్సన్ తమ్ముడు శామ్ హ్యూస్టన్ జాన్సన్ గొప్పలు చెప్పే మనిషి. ఆయన కథలు చాలావరకు అబద్ధాలని కారో కొట్టిపడేశారు. జబ్బుపడి కోలుకుని నెమ్మదించాక, ఆయనను చిన్ననాటి ఇంటికి తీసుకువెళ్లి, భోజనాల బల్ల దగ్గర ఆయన ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోబెట్టి, తనను చూడకుండా వెనక కూర్చుని, తండ్రీ అన్నా ఎలా పోట్లాడుకునేవారో అడిగారు. ఆ రాత్రి నిజాలు వచ్చాయి. ఇంతకుముందు చెప్పిన సరదా కథలు మరోసారి వివరంగా చెప్పమంటే, చెప్పలేనన్నారు, ఎందుకంటే అవి జరగనే లేదు.

ఇంత శ్రద్ధ ఉన్న రచయితకూ పక్షపాతం లేకపోలేదు. 1990లో వచ్చిన రెండో సంపుటం ప్రధానంగా 1948లో సెనేట్ స్థానానికి డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిని తేల్చిన ప్రాథమిక ఎన్నిక గురించి. సుమారు పది లక్షల ఓట్లలో జాన్సన్ 87 ఓట్లతో గెలిచారు. ఆ గెలుపు పదమూడో నంబరు పెట్టెలో తర్వాత చేరిన రెండు వందల పేర్ల పుణ్యం. ఆ పెట్టె దగ్గర ఎన్నికల అధికారిగా ఉన్న లూయిస్ సాలస్‌ను కారో వెతికి పట్టుకున్నారు, నిజం రాబట్టారు. అయితే జాన్సన్ నలుపు కొట్టొచ్చినట్టు కనపడాలన్నట్టు, ఓడిపోయిన కోక్ స్టీవెన్సన్‌ను మచ్చలేని వీరుడిగా చిత్రించారని విమర్శకులు అప్పుడే అన్నారు. స్టీవెన్సన్ జాతి వివక్షా ధోరణులను ఆ పుస్తకం తేలిగ్గా దాటేసిందన్నది నాకూ న్యాయమైన మాటే అనిపిస్తుంది. 2002లో వచ్చిన మూడో సంపుటం ‘మాస్టర్ ఆఫ్ ది సెనేట్’లో ఈ ఒంటికన్ను చూపు లేదు. అదే జాన్సన్, అవే ఎత్తులూ జిత్తులూ. వాటితోనే 1957లో పౌరహక్కుల బిల్లును దక్షిణాది సభ్యుల నుంచి తప్పించి గట్టెక్కించారు. దీనికి రెండో పులిట్జర్ వచ్చింది. 2012 నాటి నాలుగో సంపుటం కెనెడీ హత్యను, జాన్సన్ పదవీ స్వీకారం తర్వాతి తొలి వారాలను చెబుతుంది. వియత్నాం యుద్ధమూ, ఓటు హక్కు చట్టమూ, మెడికేర్ ఆరోగ్య పథకమూ ఐదో సంపుటానికి మిగిలాయి.

ఈ నాలుగూ కలిసి మూడు వేల పేజీలు దాటుతాయి. అంత చదివే ఓపిక ఎక్కడిదని జంకేవారు మొదటి సంపుటంలో ‘ది శాడ్ ఐరన్స్’ అనే అధ్యాయం ఒక్కటి తెరవండి. ఇందాక చెప్పిన నీళ్ల చాకిరీ, ఇస్త్రీ పెట్టెల సంగతీ అందులోదే. అది పూర్తయ్యాక, మోజెస్ పుస్తకంలో ఒక మైలు రహదారి కథ చెప్పే అధ్యాయానికి వెళ్లవచ్చు. సెలవు.