పాత కారులో ఫ్యూయల్ ఇంజెక్షన్ మొరాయిస్తోందా? డి-జెట్రానిక్ చెకింగ్ ఎక్కడ మొదలెట్టాలంటే

అందరికీ నమస్కారం అండి. ఇవాళ బాష్ వాళ్ళ డి-జెట్రానిక్ గురించి, అంటే ఇంజిన్‌కి ఎంత పెట్రోల్ చిమ్మాలో కంప్యూటర్ లెక్కపెట్టే పాతకాలం ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ సిస్టమ్. 1967లో ఫోక్స్‌వ్యాగన్ టైప్ 3లో అమెరికా మార్కెట్‌కి వచ్చింది ఇది, అక్కడ పొగ రూల్స్ బిగిస్తుంటే కార్బురేటర్‌తో నెట్టుకురావడం కష్టమైపోయి. తర్వాత పోర్షే 914, వోల్వో 1800ఈ, కొన్ని మెర్సిడెస్ కార్లలోనూ పెట్టారు. ఇప్పుడు ఇవి కొంచెం ట్రబుల్ ఇస్తే చాలు, చాలామంది మొత్తం పీకేసి కార్బురేటర్లు పెట్టించేస్తున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే చాలాసార్లు పాడయ్యేది కంప్యూటర్ కాదు, దాని చుట్టూ ఉన్న రబ్బరు, వైర్లు, కాంటాక్టులు.

ఇందులో చెక్ ఇంజిన్ లైట్ ఉండదు, స్కానర్ పెట్టే పోర్ట్ ఉండదు. మల్టీమీటర్, ఫ్యూయల్ ప్రెషర్ గేజ్, చేత్తో కొట్టే వాక్యూమ్ పంప్ ఉంటే చాలు.

ముందు పెట్రోల్ గొట్టాలు చూడండి, ప్లీజ్, స్టార్ట్ చేయకముందే. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర రబ్బరు ముక్కలు ఎండిపోయి పగుళ్ళిస్తాయి, వేడి ఇంజిన్ మీద ప్రెషర్‌తో పెట్రోల్ చిమ్మితే కారు కాలిపోతుంది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, మన దగ్గరైతే ఈ20 (20 శాతం ఇథనాల్), పాత రబ్బరు దానికి తట్టుకోదు. ఇథనాల్‌కి పనికొచ్చే ఇంజెక్షన్ హోసే కొనండి, కార్బురేటర్ హోస్ వద్దు.

ఇక ప్రెషర్. కీ ఆన్ చేయగానే పంప్ ఒకటి ఒకటిన్నర సెకన్లు తిరిగి ఆగాలి, ఆ సౌండ్ వినపడకపోతే రిలే, ఫ్యూజ్, ఎర్త్ చూసుకోవాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 2 బార్, అంటే 28 నుంచి 30 పీఎస్ఐ మధ్య ఉండాలి, ఈ అంకె సరిగ్గా లేకుండా మిగతావి చూసి లాభం లేదు, ఎందుకంటే కంప్యూటర్ ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో మాత్రమే చెప్తుంది, ప్రెషర్ సరిగ్గానే ఉందని నమ్మేసి.

ఇప్పుడు చాలామంది తికమకపడే పాయింట్. తర్వాత 1974లో వచ్చిన ఎల్-జెట్రానిక్ లోపలికి వచ్చే గాలినే కొలుస్తుంది, అందులో గాలి లీకైతే మిక్స్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అయిపోయి ఇంజిన్ తడబడుతుంది. డి-జెట్రానిక్‌లో అలా కాదు, ఇది మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే గొట్టాల) ప్రెషర్ చూసి పెట్రోల్ ఇస్తుంది కదా, గాలి దొంగతనంగా వస్తే ప్రెషర్ పెరిగిందనుకుని పెట్రోల్ కూడా పెంచేస్తుంది. అందుకే ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ స్పీడ్) తగ్గనే తగ్గకుండా పైనే తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ తిప్పే ముందు ఇన్‌టేక్ సీల్స్, వాక్యూమ్ గొట్టాలు, ఆగ్జిలరీ ఎయిర్ వాల్వ్ (చల్లగా ఉన్నప్పుడు అదనంగా గాలి ఇచ్చేది) చూడండి.

వేడెక్కాక నల్ల పొగొస్తూ ప్లగ్గులు తడిసిపోతున్నాయా? హెడ్ టెంపరేచర్ సెన్సర్ రెసిస్టెన్స్ కొలవండి. 20 డిగ్రీల దగ్గర సుమారు 2500 ఓమ్స్, 80 డిగ్రీల దగ్గర 300 చుట్టుపక్కల ఉంటుంది. వైరు తెగితే కంప్యూటర్‌కి ఇంజిన్ గడ్డకట్టినంత చల్లగా ఉన్నట్టు కనపడి పెట్రోల్ కుమ్మరించేస్తుంది. సెన్సర్ బాగుంటే మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్‌కి వాక్యూమ్ పంప్ తగిలించి 15 అంగుళాల (పాదరసం) వాక్యూమ్ దాకా లాగి ఆపండి, పంప్ గేజ్ ముల్లు కదలకుండా నిలబడాలి. పడిపోతుంటే లోపల డయాఫ్రమ్ (పల్చటి రేకు) పగిలి ఉండొచ్చు, దానివల్ల కూడా పెట్రోల్ ఎక్కువైపోతుంది. సెన్సర్ సీల్ పీకి లోపలి స్క్రూ మాత్రం తిప్పకండి, ఫ్యాక్టరీ సెట్టింగ్ ఒకసారి పోతే మళ్ళీ తేవడం చాలా కష్టం.

నాలుగింట్లో రెండు సిలిండర్లే పని చేస్తుంటే డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే ట్రిగ్గర్ పాయింట్స్ మీదే నా అనుమానం. రెండు జతలుంటాయి, ఒక్కోటి రెండేసి ఇంజెక్టర్లని కొట్టిస్తుంది, ఒకటి మురికిపడితే ఆ రెండూ ఆగిపోతాయి. ఉప్పు కాగితంతో రుద్దొద్దు, కాంటాక్ట్ క్లీనర్ తడిపిన కాగితం ముక్క చాలు. యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఒకే చోట కుదుపొస్తుంటే థ్రాటిల్ స్విచ్ లోపలి ట్రాకులు అరిగాయా చూడండి.

ఇంజెక్టర్ క్లిక్ చెక్ చేయడానికి 12 వోల్ట్ బ్యాటరీ డైరెక్ట్‌గా పెట్టేస్తారు కొందరు, వద్దండి, కాయిల్ 2 నుంచి 3 ఓమ్సే, కారులో మధ్యలో సిరీస్ రెసిస్టర్ ఉంటుంది కాబట్టే బతుకుతోంది, డైరెక్ట్‌గా ఇస్తే కాలిపోతుంది.

ఇవన్నీ చూశాక, ఎర్త్ పాయింట్లు విప్పి తుడిచి బిగించాక కూడా తేలకపోతే అప్పుడే కంప్యూటర్ మార్చి చూడాలి, అదీ మీ కారు పార్ట్ నంబర్‌కి సరిపోయేదే, ప్రెషర్ సెన్సర్‌తో కూడా జత కలవాలి. మార్చేటప్పుడు ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగెటివ్ తీసి, ఆ తర్వాతే కంప్యూటర్ కనెక్టర్ లాగండి.