1951లో వడపళనిలో పుట్టిన రెండు సినిమాలు

నమస్కారం అండీ. నా వెనక కనిపిస్తున్నది చెన్నై వడపళనిలో ఉన్న షాపింగ్ మాల్. ఆ పక్కన విజయా హాస్పిటల్. ఆదివారం సాయంత్రం కదా, ఆర్కాట్ రోడ్డు మీద హారన్ల మోత కొంచెం ఎక్కువగానే ఉంటుంది, సర్దుకోండి. ఇప్పుడు మాల్, హాస్పిటల్ ఉన్న ఈ నేల ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియోది. పాతాళభైరవి, మల్లీశ్వరి ఇక్కడ పుట్టినవే. రెండూ 1951లోనే వచ్చాయి.

తెలుగు సినిమాలో ఒకే ఒక్క సంవత్సరం ఎంచుకోమంటే చాలామంది 1957 అంటారు, మాయాబజార్ వచ్చిన ఏడాది కాబట్టి. నాకూ ఆ సినిమా ప్రాణం. అయినా నా ఓటు 1951కే. ఎందుకో ఈ వీడియోలో చెప్తాను. కథలు చివరిదాకా చెప్పేస్తాను కాబట్టి, ఇంకా చూడనివాళ్లు ముందు సినిమాలు చూసి రండి.

ఆ ఏడాది ఎక్కువగా నడిచినవి జానపదాలు. అక్కినేని నాగేశ్వరరావు గారు స్త్రీ సాహసం, మాయలమారి లాంటివి చేశారు. వాటి గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇవాళ ఈ రెండే.

పాతాళభైరవి మార్చి 15న వచ్చింది. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు గారి మాటలు, పాటలు, ఘంటసాల గారి సంగీతం, మార్కస్ బార్‌ట్లీ కెమెరా. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థ తీసింది. మల్లీశ్వరి డిసెంబర్ 20న వచ్చింది. వాహినీ వాళ్లది. తీసింది నాగిరెడ్డి గారి అన్నగారు బి.ఎన్. రెడ్డి గారు. అంటే అన్నదమ్ములు చెరొక సినిమా తీశారు, రెండింటిలోనూ హీరో ఎన్.టి. రామారావు గారే. ఆయన సినిమాల్లోకి వచ్చి అప్పటికి రెండేళ్లే.

ఈమధ్య ఒక శనివారం రాత్రి రెండూ వెంటవెంటనే చూశాను. ఎన్నోసార్లు చూసినవే. కానీ అలా పక్కపక్కన పెట్టుకుని చూసేసరికి ఒక విషయం తట్టింది. రెండు కథలూ ఒకేచోట మొదలవుతాయండీ. తోట రాముడు తోటమాలి కొడుకు, రాకుమారి ఇందుమతిని ప్రేమిస్తాడు. నాతో సమానంగా సంపద తెస్తే పిల్లనిస్తానంటాడు రాజు. మల్లీశ్వరిలో నాగరాజు శిల్పి, మల్లికి బావ. డబ్బులేనివాడికి నా కూతుర్నివ్వనంటుంది మల్లి తల్లి. ఇద్దరూ డబ్బు కోసమే ఇల్లు వదిలి బయల్దేరతారు.

రాముడికి ఒక బొమ్మ దొరుకుతుంది. పాతాళభైరవి బొమ్మ. అడిగింది ఇస్తుంది. నాగరాజుకి ఏ బొమ్మా దొరకదు. ఉలి పట్టుకుని తనే చెక్కాలి. చెక్కి, సంపాదించి, ఊరికి తిరిగొచ్చేసరికి మల్లిని రాణివాసానికి తీసుకుపోయి ఉంటారు. ఆ తర్వాత అతను పిచ్చివాడిలా రాళ్ల మీద మల్లి రూపమే చెక్కుతుంటే, ఇంతకుముందు చూసిన సినిమాలో అన్నీ ఇచ్చిన బొమ్మ గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది. ముఖం అదే, రామారావు గారిదే. ఒకచోట బొమ్మ మనిషికి వరాలిస్తుంది. ఇంకోచోట మనిషి తన ప్రాణమంతా బొమ్మకి పోస్తాడు.

పాతాళభైరవి గురించి చెప్పాలంటే ముందు అందులో విలన్, నేపాళ మాంత్రికుడి గురించి చెప్పాలి. ఎస్.వి. రంగారావు గారికి అప్పటికి 32 ఏళ్లు. నమ్ముతారా? ఆ గడ్డం, ఆ కళ్లు, వేళ్లు తిప్పే తీరు చూస్తే లోకమంతా తిరిగొచ్చిన ముసలి మాంత్రికుడే అనిపిస్తాడు. సాహసం "చేయరా" అనడు, "శాయరా" అంటాడు. ఆ ఒక్క అక్షరంతో మనిషి మన మధ్యవాడు కాకుండా పోయాడు. "డింభకా" అన్న మాట ఇప్పటికీ మన ఇళ్లలో తిరుగుతోందంటే అది పింగళి గారి కలం, రంగారావు గారి గొంతు కలిసి చేసిన పని. ఈ కథకి మూలం కాశీమజిలీ కథల్లో ఉంది. తమిళంలో కూడా అదే ఏడాది తీశారు. మా కింది వాటాలో ఉండే మామికి నేను డింభకా అనగానే నవ్వొస్తుంది, ఆవిడ చిన్నప్పుడు చూసింది తమిళంలో!

సావిత్రి గారు ఇందులో ఒక్క డాన్సులో కనిపిస్తారు, "రానంటే రానే" పాటలో. ఈసారి ఆగి చూడండి. ఆరేళ్లకి మాయాబజార్‌లో శశిరేఖ అయ్యేది ఆ అమ్మాయే.

నాకు ఒక్క లోటు అనిపిస్తుంది. ఇందుమతికి చేయడానికి పెద్దగా ఏమీ లేదు. ఎత్తుకుపోతారు, వెతికి తెస్తారు, అంతే. "కలవరమాయే మదిలో" పాట లేకపోతే ఆ ప్రేమ మనకి అంత గుర్తుండేది కాదు.

మల్లీశ్వరిలో ఆ లోటు లేదు. అక్కడ మల్లిగా భానుమతి గారున్నారు.

వాన పడే ఆ రాత్రి సీను గుర్తుందా? సంత నుంచి వస్తూ బావామరదళ్లు పాడుబడిన సత్రంలో ఆగుతారు. మారువేషంలో కృష్ణదేవరాయలు, పెద్దన కూడా అక్కడే ఉంటారు. మల్లి పాడుతుంది, ఆడుతుంది. వాళ్లెవరో తెలియక నాగరాజే సరదాగా అంటాడు, మా మల్లికి పల్లకీ పంపించమని. కొన్నాళ్లకి నిజంగానే పల్లకీ వస్తుంది. ఇందులో విలన్ లేడండీ. రాజు మంచివాడే, మాట నిలబెట్టుకున్నాడు. తల్లికి కూతురు సుఖపడాలని ఆశ. ప్రేమించినవాడి నోట సరదాగా జారిన మాట ఇద్దర్నీ విడదీసింది. ఇంత బరువైన సంగతిని బి.ఎన్. రెడ్డి గారు ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పారు. చివర్లో, మల్లి కోసం రాణివాసంలోకి చొరబడి పట్టుబడిన నాగరాజుని రాజు క్షమించడం కొంచెం తొందరగా తేలిపోయిందనిపిస్తుంది నాకు. కానీ వాళ్లిద్దరూ బతికి బయటపడ్డారన్న సంతోషంలో దాన్ని పట్టించుకోబుద్ధి కాదు.

దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు సినిమాకి రాయడం దీంతోనే మొదలు. సంగీతం సాలూరు రాజేశ్వరరావు గారిది. "ఆకాశ వీధిలో" పాటలో ఎవరికి వారు దూరంగా ఉండి మబ్బుతో కబురు పంపుకుంటారు. అటు భానుమతి గారు, ఇటు ఘంటసాల గారు. ఆయనే ఆ ఏడాది మొదట్లో పాతాళభైరవికి పాటలు కట్టి, పాడి, ఏడాది చివర్లో ఇక్కడికొచ్చి ఇంకొకరి బాణీకి గొంతిచ్చారు.

పాతాళభైరవి 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి వెళ్లింది. మల్లీశ్వరి 1953లో చైనాలో ఆడింది. ఈ రోడ్డు పక్కన వేసిన సెట్లలో తయారైన తెలుగు మాట అంతదూరం వెళ్లింది.

రెండింట్లో ఏది ఎక్కువ ఇష్టం అని కామెంట్లలో ఎలాగూ అడుగుతారు. పిల్లలతో కూర్చుంటే పాతాళభైరవి పెడతాను. ఇంట్లో అందరూ పడుకున్నాక మల్లీశ్వరి చూస్తాను. "మనసున మల్లెల" పాట వచ్చేటప్పుడు మాత్రం లైటు ఆర్పేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. పాట మొదట్లో ఆ గాలి, ఆ ఏటి ఒడ్డు, ఎవరో వస్తున్నారేమోనని భానుమతి గారు తలతిప్పే తీరు, ఒక్కటీ వదలకండి. వచ్చే ఆదివారం కలుద్దాం.